గృహచలనచిత్రములు : చరిత్రాధారములుగా వాని విలువ

చరిత్రకారుడు శాసనములను, తాళపత్రములను, కైఫీయతులను, ప్రభుత్వ పత్రములను ఆధారములుగా గ్రహించుట పరిపాటి. ఇరువదవ శతాబ్దిని గూర్చి వ్రాయువానికి వీనితోపాటు మఱియొక సామగ్రియు లభించుచున్నది. అది సామాన్య గృహస్థులు తమ సంతోషము కొఱకు చిన్న సినీ కెమెరాలతో తీసికొన్న చలనచిత్రములు. వీనిని మేము గృహచలనచిత్రములని వ్యవహరించుచున్నాము. ఇవి విక్రయము కొఱకుగాని బహిరంగ ప్రదర్శనము కొఱకుగాని తీసినవి కాకపోవుటచే విద్వాంసులు చాలకాలము వీనిని లెక్కింపలేదు. ఈ చిత్రములు తయారగు పద్ధతి నెఱిగినగాని వీని సాక్ష్యమును సరిగా చదువ వలనుపడదనియు, అందలి మనుష్యుల పేర్లు తెలిసిన సాక్షి తోడుగాక ఆ సాక్ష్యము సగము మూగదియే యనియు చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తొలినాళ్ల చలనచిత్రములకు వాడిన 35 మి.మీ. నైట్రేటు ఫిల్ము సులభముగా మండెడిది. దాని వ్యయమును అధికము. 1898లో ఇంగ్లండున బర్ట్ ఏకర్స్ దానిని నిలువున రెండుగా చీల్చి 17.5 మి.మీ. ఫిల్ముతో పనిచేయు బర్టాక్ అను యంత్రమును నిర్మించెను గాని అది వ్యాప్తి పొందలేదు. 1922 చివర ఫ్రాన్సులోని పాథే సంస్థ 9.5 మి.మీ. ఫిల్మును, 1923లో అమెరికాలోని కొడాక్ సంస్థ 16 మి.మీ. ఫిల్మును వెలువరించిన పిమ్మటనే సినీ కెమెరా గృహప్రవేశము చేసెనని చెప్పవచ్చును. ఈ రెండును సులభముగా మండని అసిటేటు ఫిల్ములు. ఆర్థికమాంద్య కాలమున, 1932లో, కొడాక్ సంస్థ 8 మి.మీ. పద్ధతిని తెచ్చెను. 16 మి.మీ. వెడల్పుగల 25 అడుగుల ఫిల్మును ఒకమాఱు ఒక సగముపైనను, చుట్టను త్రిప్పి పెట్టి రెండవమాఱు రెండవ సగముపైనను తీసి, పిదప నిలువున చీల్చి అతికినచో 50 అడుగుల చిత్రము లభించెడిది. 1935లో కొడాక్రోం రంగుల ఫిల్మును, 1965లో సూపర్ 8 పద్ధతియు వచ్చినవి.

ఈ కొలతలు కేవలము యంత్రవిషయములు కావు. చిత్రమున ఏమి యుండవలెనో నిర్ణయించినవి చాలవఱకు ఇవియే. 8 మి.మీ. ఫిల్మున అడుగునకు 80 చిత్రములు పట్టును. సెకనునకు 16 చిత్రముల చొప్పున నడపినచో 50 అడుగుల చుట్ట 4 నిమిషముల 10 సెకన్లలో ముగియును. సూపర్ 8 ఫిల్మున అడుగునకు 72 చిత్రములే. సెకనునకు 18 చొప్పున అదే నిడివి 3 నిమిషముల 20 సెకన్లు మాత్రమే వచ్చును. అందును పెక్కు కెమెరాలు స్ప్రింగు బలముతో నడచెడివి. కీ ఇచ్చిన కొలది సేపటికే ఆగిపోయెడివి. కావున గృహస్థు ఒక్కొక్క దృశ్యమును కొన్ని సెకన్లకు మించి తీయలేకుండెను. స్ప్రింగు వేగము నిర్దేశించిన అంకె ప్రకారమే యుండునన్న నమ్మకమును లేదు. 1963 నవంబరు 22న డల్లాసు నగరమున కెన్నెడీ హత్యను అబ్రహాం జప్రూడర్ చిత్రించిన 8 మి.మీ. కెమెరాకు నిర్దేశింపబడిన వేగము 16. పరీక్షింపగా సగటున 18.3 అని తేలెను. అందువలననే ఆ 486 చిత్రములు 26.6 సెకన్ల వృత్తాంతమని గణించుట సాధ్యమైనది.

మఱియొక విశేషము గమనింపదగినది. సినిమాలకు వలె నెగటివు తీసి దానినుండి ప్రతులు వేయుట ఇందు సామాన్యముగా లేదు. రివర్సలు పద్ధతిలో, కెమెరాలో నడచిన ఫిల్మే రసాయనశుద్ధి పొంది తెరపై వేయదగిన చిత్రముగా మాఱును. అనగా ఇంటనున్న చుట్టయే మూలమును, ఏకైక ప్రతియును. తాళపత్ర పరిశోధకునకు కవి స్వహస్తలిఖితమైన ప్రతి యెట్టిదో ఇదియు నట్టిది. భేదమేమనగా, తాళపత్ర గ్రంథమునకు చివర గద్యయో లేఖకుని పేరో తఱచుగా నుండును. ఈ చుట్టకు అదియు లేదు, మాటయు లేదు. కొడాక్ సంస్థ శబ్దసహితమైన సూపర్ 8 ఫిల్మును వెలువరించినది 1973లో మాత్రమే.

మేమెఱిగిన యొక గృహమున 1950వ దశకమునాటి వివాహచిత్రము కలదు. డబ్బాపై సంవత్సరము తప్ప వేఱు వ్రాత లేదు. అందు మాంగల్యధారణముగాని తలంబ్రాలుగాని కానరావు. తీసినవారు వానిని ఉపేక్షించిరని తలచుట పొరపాటు. ముహూర్తము రాత్రివేళది. ఆనాటి కొడాక్రోం ఫిల్ము వేగాంకము 10 మాత్రమే. పందిరిలోని దీపముల వెలుతురు దానికి చాలదు. చిత్రమున నున్నది మఱునాటి యుదయమున పెరటి యెండలో నిలిచిన వధూవరులు, అరుగుపై కూర్చున్న వృద్ధులు, గుండిగలు తోముచున్న నలుగురు స్త్రీలు. పెండ్లి ఫొటోలలో చోటు దొరకని ఆ నలుగురు ఎండ పుణ్యమా యని చిత్రమున నిలిచిరి. వారి పేర్లు చెప్పగలవారు ఆ యింట ఒక వృద్ధురాలు మాత్రమే. మేము చూచిననాడు ఆమె ఇరువురి పేర్లు చెప్పి, తక్కిన ఇరువురను జ్ఞప్తికి తెచ్చుకొని చెప్పుదుననిరి. మఱల పోవలెనని మేము తలచుచుండగనే ఆమె గతించిరి.

వెలుతురు చాలక కొన్ని దృశ్యములు లోపించునట్లే భయముచేతను కొన్ని లోపించును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942లో, అమెరికా ప్రభుత్వము పసిఫిక్ తీరమునుండి సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిని తరలించి శిబిరములలో నిర్బంధించెను. యూటా రాష్ట్రములోని టోపాజ్ శిబిరమున డేవ్ టట్సునో అను నతడు, నిషిద్ధమైన 8 మి.మీ. కెమెరాను ఒక యధికారి సానుభూతితో తెప్పించుకొని, అచ్చటి జీవితమును రంగులలో రహస్యముగా చిత్రించెను. ముండ్లకంచెను, కావలి గోపురములను, సైనికులను మాత్రము తీయ సాహసింపలేదు. ఆ కొఱతకు అతడే తరువాత విచారించెను. చిత్రమును మాత్రమే చూచువాడు అది స్వేచ్ఛగల యొక పల్లె యని భ్రమపడవచ్చును. తీసినవాని నోటిమాట తోడైనప్పుడే కంచె లేకపోవుట కూడ సాక్ష్యమగుచున్నది. 1996లో ఈ చిత్రము అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చబడెను.

పేర్ల యావశ్యకతను ఇంతకంటె స్పష్టముగా చూపు నిదర్శనము పోలండులోని నషెల్స్క్ పట్టణమునకు సంబంధించినది. అచ్చట జన్మించి అమెరికాలో స్థిరపడిన డేవిడ్ కర్ట్స్ 1938 ఆగస్టులో ఐరోపా యాత్ర చేయుచు, ఆ పట్టణమున 16 మి.మీ. కెమెరాతో సుమారు మూడు నిమిషముల చిత్రమును తీసెను. కెమెరా ముందు త్రోసికొనుచు నవ్వుచున్న పిల్లలును, వీథిలోని పెద్దలును అందు కనిపింతురు. ఆనాడు పట్టణమున సుమారు 3,000 మంది యూదులుండిరి. యుద్ధానంతరము మిగిలినవారు నూఱుమందికి లోపు. ఆ చుట్టను 2009లో ఫ్లారిడాలోని యొక యింట అతని మనుమడు గ్లెన్ కర్ట్స్ కనుగొనెను. అప్పటికే అది ముడుచుకొని పాడగుచుండెను. వాషింగ్టనులోని హోలోకాస్టు స్మారక ప్రదర్శనశాల దానిని ఉద్ధరించి జనులకు చూపగా, ఒక స్త్రీ అందలి పదమూడేండ్ల బాలుని తన తాతగా గుర్తించెను. ఆ వృద్ధుడు జీవించియుండుటచే మఱికొందఱి పేర్లును, వారి వృత్తులును తెలియవచ్చినవి. గ్లెన్ కర్ట్స్ ఈ యన్వేషణమును 2014లో గ్రంథముగా ప్రకటించెను. 2021లో బియాంకా స్టిక్టర్ ఆ మూడు నిమిషములనే గంటకు మించిన చిత్రముగా విస్తరించెను. అయినను అందు కనిపించు 150కి పైగా ముఖములలో పేరు తెలిసినవి కొలదియే.

అసిటేటు ఫిల్ము సులభముగా మండదు గాని క్షయించును. వేడి, తేమ గలచోట అది విచ్ఛిన్నమై ఎసిటిక్ ఆమ్లమును వెలువరించుచు, వెనిగర్ వాసన వేయుచు ముడుచుకొనును. తెలుగు దేశపు ఎండలును వానలును దీనికి హితములు కావు. చుట్టను చల్లని, పొడి ప్రదేశమున నుంచుట, డిజిటల్ ప్రతి తీయించుట అవసరమే. కాని అది సగము పని మాత్రమే. సి. పి. బ్రౌను పందొమ్మిదవ శతాబ్దిలో తాళపత్ర ప్రతులను సేకరించి ఊరకుండలేదు. పండితులను కూర్చుండబెట్టి పాఠములను పరిశీలింపజేసి శుద్ధప్రతులు వ్రాయించెను. గృహచలనచిత్రమునకు అట్టి పండితుడు ఆ యింటి వృద్ధులే. ఒక్కొక్క దృశ్యమునకు సంఖ్య వేసి, స్థలమును, కనిపించువారి పేర్లను, చెప్పినవారి పేరును, చెప్పిన తేదీని వ్రాసి చుట్టతో నుంచవలెను. ఈ పనికి పరిశోధకుడే కానక్కఱలేదు. అక్షరజ్ఞానముగల మనుమడో మనుమరాలో చాలును. మేము చూచిన వివాహచిత్రమునందు గుండిగలు తోముచున్న స్త్రీలలో ఇరువురకు నేటికిని పేర్లు లేవు.