పిల్లల్ని కనే అర్హత ఎవరికుంది? మదనపల్లె తండ్రి, లండన్ తల్లి కథ

పోయిన నెల తిరుపతిలో మా చుట్టాల పెళ్ళికి పోయాను. భోజనాల పంక్తిలో నా పక్కన ఒక కొత్త జంట కూర్చుంది. వాళ్ళ పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. సాంబారు వచ్చేలోపల ముగ్గురు పెద్దమ్మలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అదే మాట అడిగారు. "ఏమ్మా, ఏమైనా విశేషమా?" ఆ అమ్మాయి నవ్వి తల దించుకుంది. నాలుగో ఆమె అడిగేసరికి ఆ అబ్బాయే చెప్పేశాడు. "పెద్దమ్మా, అసలు కనాలా వద్దా అని ఆలోచిస్తా ఉన్నాం."

అంతే, పంక్తి రెండు పార్టీలైపోయింది. "మేమంతా ఆలోచించే కన్నామా? నారు పోసినవాడే నీరు పోస్తాడు" అని ఒక తాత. "ఆలోచించకుండా కన్నారు కాబట్టే మా బతుకులు ఇట్లున్నాయి. పెంచే యోగ్యత లేనోళ్ళు కనకూడదు తాతా" అని ఎదురుగా ఒక ఇంజనీరింగ్ పిల్లోడు. తాతకి కోపం వచ్చి పాయసం తాకకుండా లేచిపోయాడు.

ఈ గొడవ పంక్తిలోనే కాదు, చట్టంలోనూ ఉంది. ఇద్దరి కన్నా ఎక్కువ మంది పిల్లలుంటే సర్పంచిగా పోటీ చేయకూడదని 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. ముప్పై ఏళ్ళ తర్వాత, 2024 నవంబరులో, అదే అసెంబ్లీ ఆ నిబంధన తీసేసింది. మన చంద్రగిరి మండలం నారావారిపల్లెలో పుట్టిన ముఖ్యమంత్రి గారే ఇప్పుడు ఎక్కువ మందిని కనండి అంటున్నారు. మా అమ్మ తరానికి జాస్తి కంటే తప్పు. మా తరానికి తక్కువ కంటే తప్పు.

ఇంటికి వస్తూ బస్సులో నాకు ఒక పాత కేసు గుర్తొచ్చింది. మన మదనపల్లె వాళ్ళ కేసే. మద్రాసు హైకోర్టు దాకా, ఆపైన లండన్ దాకా పోయింది. ఆ తాత మాట, ఈ పిల్లోడి మాట రెండూ అందులో ఉన్నాయి. ఈరోజు ఎపిసోడ్ అదే.

పుస్తకం అచ్చేసినందుకు బిడ్డ పోయింది

కథ లండన్లో మొదలవుతుంది. అనీ బిసెంట్ పేరు మీరు స్కూల్లో చదివే ఉంటారు. హోంరూల్ ఉద్యమం, 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలు. కానీ అంతకు నలభై ఏళ్ళ ముందు ఆమె ఇంకో కారణంగా ఇంగ్లండంతా తెలిసిన మనిషి.

ఆమెకి 1867లో ఒక చర్చి ఫాదరుతో పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు, కొడుకు డిగ్బీ, కూతురు మేబెల్. భర్తతో పడక 1873లో విడిపోయింది. కొడుకు తండ్రి దగ్గర, కూతురు తల్లి దగ్గర ఉండేట్టు ఒప్పందం రాసుకున్నారు.

1877లో ఆమె, చార్లెస్ బ్రాడ్లా అనే నాస్తిక నాయకుడు కలిసి ఒక చిన్న పుస్తకం మళ్ళీ అచ్చేశారు. చార్లెస్ నోల్టన్ అనే అమెరికా డాక్టరు రాసింది. విషయం ఏంటంటే, గర్భం రాకుండా ఎట్లా జాగ్రత్తపడాలి అని. బీదవాళ్ళు కూడా కొనుక్కోవాలని ఆరు పెన్నీలు ధర పెట్టారు. మూడు నెలల్లో లక్ష కాపీలు దాటి అమ్ముడుపోయింది. ప్రభుత్వం అశ్లీలం అని కేసు పెట్టింది. కోర్టులో బిసెంట్ లాయర్ని పెట్టుకోలేదు, తన కేసు తానే వాదించుకుంది. ఆమె వాదన సూటిగానే ఉంది. సాకలేనంత మందిని కని, ఆకలికి వదిలేసి, దాన్ని ధర్మం అనొద్దు. కనడం అనేది తెలిసి చేసే పని కావాలి.

ఆరు నెలల జైలు శిక్ష పడింది. మరుసటి ఏడాది పైకోర్టులో ఒక సాంకేతిక కారణంతో అది రద్దయింది. జైలు తప్పింది కదా అనుకుంటే అసలు దెబ్బ అప్పుడు పడింది. కూతుర్ని నాకు ఇప్పించండి అని భర్త కోర్టుకెక్కాడు. ఈమె నాస్తికురాలు, ఇట్లాంటి పుస్తకాలు అచ్చేసే మనిషి, ఈమె చేతిలో ఆడపిల్ల పెరగకూడదు అని జడ్జి తేల్చాడు. 1878లో మేబెల్‌ని తల్లి దగ్గర్నుంచి తీసేసుకున్నారు. ఆ పిల్లకి అప్పుడు ఏడెనిమిదేళ్ళు.

ఇక్కడ ఒక విషయం పట్టుకోండి. ఆమె బిడ్డను కొట్టిందని కాదు, తిండి పెట్టలేదని కాదు. నీ ఆలోచనలు సరిగ్గా లేవు కాబట్టి నువ్వు తల్లిగా పనికిరావు అన్నారు. పిల్లలిద్దరూ పెద్దయ్యాక తల్లి దగ్గరికే తిరిగొచ్చారు. పోయిన బాల్యం మాత్రం రాలేదు.

మదనపల్లెలో ఎనిమిదో బిడ్డ

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా పుట్టినప్పుడు ఇటు కలిసింది. అక్కడ జిడ్డు నారాయణయ్య అని రెవెన్యూ ఉద్యోగి. భార్య సంజీవమ్మ. 1895 మే నెలలో వాళ్ళకి ఎనిమిదో బిడ్డ పుట్టాడు. ఎనిమిదోవాడు కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. ఆయనే జిడ్డు కృష్ణమూర్తి. తర్వాత నిత్యానంద పుట్టాడు, ఇంకా పుట్టారు. కొందరు చిన్నప్పుడే పోయారు. 1905లో సంజీవమ్మ కూడా పోయింది.

బిసెంట్ 1877లోనే జనాభా మీద, సంతాన నియంత్రణ మీద తన సొంత పుస్తకం కూడా రాసింది. అయితే తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో, అంటే థియోసాఫికల్ సొసైటీలో చేరి, 1891లో ఆ పుస్తకాన్ని తానే ఆపేసింది. నాలుగేళ్ళకి మదనపల్లెలో ఈ ఎనిమిదో బిడ్డ పుట్టాడు. "ఆ పుస్తకం ఇక్కడికి వచ్చుంటే కృష్ణమూర్తే పుట్టేవాడు కాదు, చూశారా" అని మీలో ఎవరో అంటారని తెలుసు. ఆ మాట అనే హక్కు నాకు లేదు, మీకూ లేదు. అన్ని కాన్పులు మోసిన సంజీవమ్మను అడగాలి. అప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు.

నారాయణయ్య 1907 చివర్లో రిటైరయ్యాడు. పింఛను చాలదు, ఇంట్లో తల్లి లేని మగపిల్లలు. ఆయన కూడా చాలా ఏళ్ళుగా ఆ సొసైటీ సభ్యుడే. మద్రాసు అడయార్‌లోని వాళ్ళ ఆఫీసులో ఏదైనా పని ఇప్పించమని బిసెంట్‌కి రాశాడు. ఆమె మొదట ఒప్పుకోలేదు, తర్వాత సరే అంది. 1909 జనవరిలో పిల్లలతో అక్కడికి చేరాడు. ఇచ్చిన ఇల్లు పాడుబడ్డది. పిల్లలు బక్కచిక్కి ఉండేవాళ్ళు. కృష్ణమూర్తి చదువులో వెనకబడి బళ్ళో దెబ్బలు తినేవాడు.

ఆ ఏడాదే లెడ్‌బీటర్ అనే ఇంగ్లీషాయన సముద్రం ఒడ్డున ఈ పిల్లోణ్ణి చూసి, ఇతను జగద్గురువు కాబోతున్నాడు అన్నాడు. పిల్లల్ని బడి మాన్పించి తామే చదువు చెప్పడం మొదలుపెట్టారు. స్నానం, తిండి, ఇంగ్లీషు, బట్టలు, అన్నీ మారిపోయాయి. 1910 మార్చిలో నారాయణయ్య ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. కృష్ణమూర్తికి, నిత్యానందకి ఇకమీదట గార్డియన్ అనీ బిసెంట్.

ఎందుకు పెట్టాడు? ఆశ ఉంటుంది. భయం ఉంటుంది. తాను ఆ కాంపౌండును నమ్ముకుని బతికే మనిషి, అడిగేది ఆ సొసైటీకి అధ్యక్షురాలు. పిల్లలు బాగుపడతారనే నమ్మకం కూడా ఉంటుంది. మన ఊళ్ళల్లో కలిగిన బంధువులింటికి చదువు కోసం పిల్లోణ్ణి పంపే నాయనలు ఇప్పటికీ లేరా?

తండ్రి మనసు మార్చుకున్నాడు

తర్వాత ఆయనకి గుబులు పట్టింది. లెడ్‌బీటర్ మీద మగపిల్లల విషయంలో ఆరోపణలు వచ్చి 1906లో సొసైటీ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది, తర్వాత మళ్ళీ చేర్చుకున్నారు. అట్లాంటి మనిషి దగ్గర నా పిల్లలా? పైగా తన కొడుకు కాళ్ళ మీద జనం పడటం మొదలైంది. 1912లో పిల్లల్ని ఇంగ్లండు పంపడానికి ఒప్పుకున్న నారాయణయ్యే, ఆ అక్టోబరులో నా పిల్లల్ని నాకివ్వండి అని దావా వేశాడు. ఆయన తరఫు లాయరు సి.పి. రామస్వామి అయ్యర్. మద్రాసు హైకోర్టులో బిసెంట్ మళ్ళీ తన కేసు తానే వాదించుకుంది. లండన్ కేసుకి ఇప్పటికి 35 ఏళ్ళు దాటింది.

ఈసారి పాత్రలు తారుమారయ్యాయి. అప్పుడు ఆమె బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఇప్పుడు ఇంకొకరి బిడ్డలు తన దగ్గరుంటేనే బాగుపడతారంటున్న మనిషి. ఆ ఇల్లు బాగలేదు, ఆ బడి బాగలేదు, నా దగ్గర మంచి చదువుంది. అబద్ధం కాదు, అన్నీ నిజాలే. కానీ 1878లో జడ్జి కూడా అట్లాంటి మాటే కదా అన్నాడు? నీ బిడ్డ నీ దగ్గర కన్నా వేరే చోట బాగుంటుంది అని.

1913 ఏప్రిల్లో తీర్పొచ్చింది. లెడ్‌బీటర్ మీద తండ్రి చెప్పిన ఘోరమైన ఆరోపణ రుజువు కాలేదు, అయినా అతని భావాలు పిల్లల దగ్గర ఉండదగ్గవి కావు, పిల్లల్ని తండ్రికి అప్పగించండి అన్నారు. అప్పీలులోనూ తండ్రే గెలిచాడు. బిసెంట్ లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కి వెళ్ళింది. 1914 మేలో అక్కడ ఆమె గెలిచింది.

గెలిచిన తీరు చూడండి. కాగితం మీద సంతకం పెట్టాడు కాబట్టి తండ్రి హక్కు పోయింది అనలేదు. తండ్రే సహజ సంరక్షకుడు, పెంపకం ఇంకొకరికి అప్పజెప్పినా మళ్ళీ వెనక్కి అడగొచ్చు, అయితే అట్లా అడగడం వల్ల పిల్లలకి చెరుపు జరిగేట్టుంటే కోర్టు అడ్డుకోవచ్చు అన్నారు. కేసు కొట్టేసింది వేరే కారణాలతో. పిల్లలు ఉండేది ఇంగ్లండులో, కాబట్టి ఇక్కడి కోర్టుకి ఆ అధికారం లేదు. పైగా ఇంత కేసులో ఆ ఇద్దరు పిల్లల తరఫున ఎవరూ మాట్లాడలేదు. ఈ తీర్పును గార్డియన్ కేసుల్లో మన కోర్టులు ఆ తర్వాత కూడా ఉదహరిస్తూ వచ్చాయి.

తప్పు ఎవరిది?

నేను ఈ కథ చదివిన ప్రతిసారీ పార్టీ మారుతుంటాను. నారాయణయ్య ఆలోచించకుండా కన్నాడు, ఆలోచించకుండా సంతకం పెట్టాడు. మామూలు మనిషి చేసే మామూలు తప్పులు. అయినా కొడుకు దేవుడవుతాడని ఊరంతా చెప్తుంటే, వద్దు, నా కొడుకుగా ఉంటే చాలు అని కోర్టుకెక్కిన ధైర్యం కూడా ఆయనదే. బిసెంట్ కనడం గురించి ఆ కాలంలో అందరికన్నా సూటిగా మాట్లాడింది, దానికి సొంత బిడ్డను మూల్యం చెల్లించింది. అంత తెలిసిన మనిషికీ ఇంకో తండ్రి బాధ కనిపించలేదు. ఆమె మన మదనపల్లెకి చేసిన మేలు కాదనలేం. 1915లో అక్కడ కాలేజీ పెట్టించింది, ఆ బీటీ కాలేజీలో మీ ఇళ్ళల్లోనే ఎవరో చదివి ఉంటారు. కృష్ణమూర్తి 1929లో తన చుట్టూ కట్టిన సంఘాన్ని రద్దు చేసి, నేను ఎవరి గురువునీ కాను అని తన దారిన తాను పోయాడు. ఆయన మాట కోర్టులో ఎవరూ అడగలేదు, ఆయనే పెద్దయ్యాక చెప్పుకున్నాడు.

అందుకే పంక్తిలో ఆ పిల్లోడు "యోగ్యత ఉన్నోళ్ళే కనాలి" అన్నప్పుడు నాకు భయమేసింది. యోగ్యత సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు తమ్ముడూ? లండన్లో బిసెంట్‌కి లేదన్నారు. మద్రాసులో నారాయణయ్యకి లేదని బిసెంట్ అంది. కర్ర ఒకటే, చేతులు మారాయి. తాత "నారు పోసినవాడు" అన్నప్పుడు సంజీవమ్మ గుర్తొచ్చింది. నీరు పోసింది దేవుడే కావచ్చు, మోసింది ఆమె.

కనాలా వద్దా అని ముందే ఆలోచించుకోవడం మంచిదే. ఆ ఆలోచన ఆ జంటది, అందులోనూ ముందు ఆ అమ్మాయిది. ఆలోచించకుండా కన్నవాళ్ళ తప్పుల్ని తప్పులనే చెప్పండి. కానీ పనికిరాని మనుషులు అనే ముద్ర మాత్రం వేయొద్దు.

ఆ రాత్రి ఇంటికొచ్చి మా అమ్మను అడిగాను. "అమ్మా, ఇద్దరు చాలని నువ్వే అనుకున్నావా?" అని. అమ్మ టీవీ సౌండు తగ్గించింది. "అనుకునేదేముందిరా. నర్సమ్మ వచ్చి చెప్పింది, మీ అవ్వ సరేనంది, మీ నాయన సంతకం పెట్టినాడు, పోయి ఆపరేషన్ చేయించుకున్నా. నాకు అప్పుడు ఇరవై రెండు." నాన్న చేయించుకోవచ్చు కదా అంటే నవ్వింది. మన రాష్ట్రంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్ళు ఒక్క శాతం కూడా లేరు. మా నాన్న చెడ్డవాడు కాదండీ. ఆయనకి అడగాలని తోచలేదు. నారాయణయ్యకీ తోచలేదు.

మీ ఇంట్లో కూడా ఒకసారి అడగండి. ఎవరినీ నిలదీయడానికి కాదు, ఊరికే వినడానికి. ఈసారి పెళ్ళి పంక్తిలో ఎవరైనా "విశేషమా?" అంటే, ఆ అమ్మాయి తల దించుకోకముందే మీరు సాంబారు అడగండి. మాట మారిపోతుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.