బావి గట్టుకు చేరిన ప్రయోగశాల

1821లో అమెరికాలోని ఫ్రెడోనియా ఊళ్ళో, వాగు నీటిలో బుడగలు లేస్తున్న చోట విలియం హార్ట్ 27 అడుగుల బావి తవ్వాడు. పొరలు పొరలుగా ఉండే షేల్ రాతిలోంచి వాయువు వచ్చింది. ఊళ్ళో దీపాలు వెలిగాయి. ఆనాటి పరీక్ష ఒక్కటే: అగ్గి చూపిస్తే మండుతుందా, లేదా? ఆ వాయువులో ఏది ఎంత ఉందో బావి గట్టునే తేల్చే రోజు రావడానికి శతాబ్దం పైనే పట్టింది.

మొదటి దారి చూపింది బురద. డ్రిల్లింగ్‌లో రాతిని తొలిచే బిట్‌ను చల్లబరుస్తూ, రాతి ముక్కలను పైకి మోసుకొచ్చే మడ్‌లో రాతిలోని వాయువు కూడా కలిసి వస్తుంది. దాన్ని గమనించే మడ్ లాగింగ్ 1939లో అమెరికాలో వ్యాపార సేవగా మొదలైంది. మడ్‌ను చిలికి వాయువును విడదీసి, వేడెక్కించిన సన్నని తీగ మీదికి పంపేవారు. వాయువు మండితే తీగ మరింత వేడెక్కి, దాని విద్యుత్ నిరోధం మారేది. అలా వాయువు ఎంత ఉందో తెలిసేది గానీ, ఏ వాయువో తెలిసేది కాదు.

ఆ లోటు తీర్చిన సాధనం చమురు బావులతో సంబంధం లేని చోట పుట్టింది. 1952లో ఇంగ్లండ్‌లో జేమ్స్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు కొవ్వు ఆమ్లాలను వేరుచేయడానికి గ్యాస్ క్రోమటోగ్రఫీని రూపొందించారు. పొడవాటి గొట్టంలోకి మిశ్రమాన్ని పంపితే మీథేన్ ముందు బయటపడుతుంది. ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ వరుసగా వెనక వస్తాయి. దాదాపు అంతా మీథేనే అయితే పొడి వాయువు. ఈథేన్, ప్రొపేన్ బాగా ఉంటే దాని నుంచి ద్రవ ఇంధనాలూ దక్కుతాయి. బావి విలువ ఆ పాళ్ళను బట్టి మారిపోతుంది.

షేల్‌కు మడ్ ఒక్కటే చాలదు. ఆ రాతిలో కొంత వాయువు సందుల్లో ఉంటుంది. కొంత రాతిలోని సేంద్రియ పదార్థానికి అంటుకుని ఉంటుంది. బావిలోంచి నమూనాగా తీసే రాతి దిమ్మె, అంటే కోర్, పైకి వస్తుంటే ఒత్తిడి తగ్గి వాయువు జారిపోతుంది. బొగ్గు గనులవాళ్ళకు ఇది పాత బాధే. అలా జారే వాయువును లెక్కగట్టడానికి 1970లో ఫ్రాన్స్‌లో వచ్చిన పద్ధతిని 1973లో అమెరికా గనుల బ్యూరో మెరుగుపరిచింది. షేల్ వాళ్ళూ దాన్నే అందుకున్నారు: కోర్ పైకి రాగానే గాలి చొరని డబ్బాలో పెట్టి, భూగర్భంలో ఉన్నంత వేడిలో ఉంచి, వెలువడే వాయువును గంటగంటకూ కొలుస్తారు.

ఆ కొలతలో ఒక మర్మం ఉంది. రాతికి తక్కువగా అంటుకునే మీథేన్ ముందు వదులుతుంది. బరువైనవి నిదానంగా వస్తాయి. మొదటి గంట పాళ్ళు వేరు, పదో రోజు పాళ్ళు వేరు. ఒక్క నమూనా పట్టి దూరపు ప్రయోగశాలకు పంపితే కథలో ఒక్క పుటే అందుతుంది. అందుకే క్రోమటోగ్రాఫే బావి దగ్గరికి వచ్చింది.

మన దేశంలో 2011లో ఓఎన్‌జీసీ దుర్గాపూర్ దగ్గర ఇచ్ఛాపూర్ బావిలో షేల్ వాయువును కనుగొంది. తర్వాత మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ షేల్ కోసం అన్వేషణ సాగించింది. ఎక్కడైనా సూత్రం ఒకటే. డబ్బా మూసేలోపు పోయిన వాయువును కాలాన్ని బట్టి లెక్కగట్టాలి. కోర్ అడుగు నుంచి కదిలిన నిమిషం, పైకి చేరిన నిమిషం, మూత బిగించిన నిమిషం రాసిపెట్టాలి. ఆ మూడింటిలో ఒక్కటి తప్పినా, ఎంత మంచి యంత్రం ఉన్నా రాతి లెక్క తప్పుతుంది.