మూసుకోవడం వేరు, అతుక్కోవడం వేరు

పళ్ళ గార గీకడం వెయ్యేళ్ళ నాటి విద్య. క్రీ.శ. 1000 ప్రాంతంలో స్పెయిన్‌లోని కార్డొబాలో శస్త్రవైద్య గ్రంథం రాసిన అల్ జహ్రావీ, గార గీకే పనిముట్లు 14 రకాలు బొమ్మలతో సహా చూపించాడు. పంటి లోపలివైపుకు ఒకటి, బయటివైపుకు ఒకటి, సందులకు మరొకటి. ఒక్కరోజులో గార పోకపోతే మర్నాడు, ఆ మర్నాడు కూడా గీకమన్నాడు. గార వల్ల చిగుళ్ళు చెడతాయని ఆయనకు తెలుసు. కానీ గీకిన తర్వాత చిగురు లోపల ఏం జరుగుతుందో ఆ తర్వాత చాలా శతాబ్దాల దాకా ఎవరికీ అందలేదు. రక్తం ఆగింది, వాపు తగ్గింది, చిగురు బిగిసింది. కాబట్టి పంటికి మునుపటిలాగే అతుక్కుందనుకున్నారు. ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన రోజే ఈ వైద్యానికి అసలు మలుపని నా అభిప్రాయం.

1870ల్లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో జాన్ రిగ్స్, చిగురు కోసెయ్యడం తగదని, దాని కిందికి సన్నని పనిముట్లు దింపి పంటి వేరునే శుభ్రం చేశాడు. ఈ చిగుళ్ళ జబ్బుకు ఆయన పేరే పెట్టారు. 1910 తర్వాత నోటిలోని చీము ఒంట్లో జబ్బులకు మూలమన్న వాదం బలపడి, నిలబెట్టుకోదగ్గ పళ్ళు కూడా ఎన్నో పీకేశారు. చిగురు లోపల ఏం మానుతోందో చూపించే గట్టి ఆధారం లేకపోవడం కూడా ఆ నష్టానికి కారణమే. 1976లో మెల్చర్ అనే పరిశోధకుడు అసలు సంగతి పట్టుకున్నాడు: శుభ్రమైన వేరు మీదికి ముందు ఏ కణాలు చేరతాయో, మానే తీరు దాన్నిబట్టే ఉంటుంది. చిగురు పైపొర కణాలు చురుకైనవి. వేరు వెంబడి కిందికి పాకి కొద్ది వారాల్లోనే దాన్ని కప్పేస్తాయి. పంటిని ఎముకకు కట్టి ఉంచే నారపోగులు మళ్ళీ వేరులో నాటుకోవాలంటే ఆ పోగుల పొర (లిగమెంట్) కణాలు రావాలి, అవి నెమ్మది. 1982లో స్వీడన్‌లో నైమన్ బృందం ఒక రోగి కింది ముందుపంటి దగ్గర చిగురుకూ వేరుకూ మధ్య పల్చటి ఫిల్టర్ పొర అడ్డుపెట్టింది. మూడు నెలల తర్వాత ఆ భాగం తీసి మైక్రోస్కోపులో చూస్తే, వేరు మీద కొత్త సిమెంటం (వేరును కప్పే గట్టి పొర), అందులో నాటుకున్న కొత్త పోగులు కనిపించాయి.

అలాగైతే అడ్డుపొర లేని మామూలు క్లీనింగ్‌లో జరిగేది పైపైన అంటుకోవడమే కదా, రేపు పాచి చేరితే మళ్ళీ ఊడదా అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. 1983లో మాగ్నుసన్ బృందం కోతుల్లో పాచి పేరుకోనిచ్చి మరీ చూసింది. చిగురు పైపొర వేరు వెంబడి పొడవుగా దిగి మానిన చోట వాపు మామూలు చిగురులో కన్నా లోతుకు పోలేదు. ఆ దశకంలోనే స్వీడన్‌లో బాడర్‌స్టెన్ బృందం ఒంటివేరు పళ్ళను కోత లేకుండా శుభ్రం చేసి, చిగురుకూ పంటికీ మధ్య ఏర్పడిన లోతైన సందులు (పాకెట్లు) కూడా బాగా తగ్గాయని చూపించింది. కాబట్టి ఈ మానుదలను నాసిరకమని కొట్టిపారెయ్యడం తప్పు. పోయిన ఎముకను ఇది చాలామటుకు తిరిగి తేలేదు, నిజమే. కానీ పంటిని ఏళ్ళ తరబడి నిలబెట్టగలదు. వేరును అద్దంలా నునుపు చేస్తే తప్ప చిగురు అతకదన్న పాత పట్టుదల కూడా సడలింది. వేరు మీది బాక్టీరియా విషంలో అధికభాగం కడిగి, బ్రష్‌తో రుద్దితే చాలు, పోతుందని 1986లో తేలింది. మిగిలిన చిక్కు దవడపళ్ళది: వేర్లు విడిపోయే సందులోకి పనిముట్టు సరిగా చేరదు, అందుకే అక్కడ ఇప్పటికీ చిగురు విప్పి చూడాల్సివస్తోంది.