కెమెరా పట్టిన తేయాకు దొర

చెట్టుకూ పిట్టకూ వర్గదృష్టి ఏమిటని అడిగే మిత్రులు మనలో ఉన్నారు. ప్రకృతి రచన చరిత్రకు అతీతమని వారి వాదం. ఇ.పి. గీ జీవితం చదివాక నాకా వాదం నిలవదనిపించింది.

ఎడ్వర్డ్ ప్రిచర్డ్ గీ (1904–1968) ఇంగ్లండు నుంచి అస్సాంకు వచ్చి తేయాకు తోటల్లో దొరగా పనిచేశాడు. దొరల లోకంలో అడవి అంటే వేట, వేట అంటే హోదా. అక్కడ గీ కెమెరా పట్టాడు. కాజీరంగా ఖడ్గమృగాలను ఫొటోలు తీశాడు, వాటి తరఫున వాదించాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇక్కడే ఉండిపోయి, ఉద్యోగ విరమణ తర్వాత షిల్లాంగులో స్థిరపడ్డాడు. 1964లో వెలువడిన ఆయన ‘ది వైల్డ్ లైఫ్ ఆఫ్ ఇండియా’కు ముందుమాట రాసింది నెహ్రూ. ఈ కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

1953లో సంకోష్ నది ఒడ్డున ఆయన బంగారు వన్నె కొండముచ్చులను చూసి చలనచిత్రం తీశాడు. 1956లో ఖజూరియా అనే జంతుశాస్త్రజ్ఞుడు ఆ జాతిని వర్ణించి దానికి గీ పేరు పెట్టాడు. శాస్త్రానికి అది కొత్త జీవి. ఆ అడవి అంచున తరతరాలుగా బతికినవారికి మాత్రం కొత్త కాదు.

నేపాల్‌లోని చిత్వాన్ సంగతీ చూడాలి. 1959లో, 1963లో గీ అక్కడ పరిశీలన జరిపి జాతీయ వనం ఏర్పాటు చేయాలన్నాడు. ఆ దశాబ్దం చివరికి అక్కడ మిగిలిన ఖడ్గమృగాలు 95. కనుక రక్షణ అవసరమే. కాని 1964లో ఖడ్గమృగాల కోసం వేలాది మందిని అక్కడి నుంచి ఖాళీ చేయించారు. ఆ భారం మోసింది పేదలే.

అసలు అస్సాం తోటలకు వలస వచ్చింది దొరలొక్కరే కాదు. ఛోటానాగపూర్ నుంచి, నాటి మద్రాసు రాష్ట్రపు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి దళారులు కూలీలను తరలించారు. పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకునే అధికారాన్ని 1882 చట్టం దొరకిచ్చింది. 1908 దాకా ఆ అధికారం చెల్లింది. గీ నాటికి అది పోయింది. అయితే తోటలు అప్పటికే ఆ పునాది మీద లేచి ఉన్నాయి. అడవి నరికింది ఆ కూలీల చేతులే. పాముకూ పులికీ ఎదురుపడిందీ వాళ్ళే. దొరకంటే దగ్గరగా అడవిని చూసిన వాళ్ళ పేరు ఏ జీవికీ పెట్టలేదు.

ఇది గీ చేసిన నేరమని నేననను. కలం, కెమెరా, తీరిక ఎవరి చేతిలో ఉన్నాయో వారి అడవే గ్రంథస్థమైంది. అందువల్ల గీని చదవవద్దని కాదు, ఆయన పుస్తకం పక్కన పెట్టవలసిన రెండో పుస్తకం ఇంకా రాలేదని గుర్తించాలి. అస్సాం తోటల్లో తెలుగు మూలాలున్న కుటుంబాలు నేటికీ ఉన్నాయి. వాళ్ళ పెద్దలు చెప్పే అడవిని విని రాయడం మన రచయితలు చేయదగ్గ పని. ఆలస్యమైతే ఆ చెప్పేవాళ్ళు కూడా మిగలరు.