ఒక సెలవు, కొన్ని రాళ్లు

పొద్దున్నే లండన్‌లో రైలెక్కి బ్రైటన్ ఒడ్డున సముద్రం చూసి రావచ్చు. విల్ట్‌షైర్ శిలావలయాల మధ్య తిరగొచ్చు. లింకన్‌షైర్‌లో పాత కోట ఎక్కి రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఇంగ్లండ్‌లో సామాన్యుడికి అందిన ఈ ఒక్కరోజు విహారం రైలు పుణ్యమేనని సాధారణంగా చెబుతారు. అందులో నిజముంది. 1841 జులై 5న థామస్ కుక్ సుమారు 500 మందిని తలా ఒక షిల్లింగుకు లెస్టర్ నుంచి లఫ్‌బరోకు రైల్లో తీసుకెళ్లాడు. అదే ఏడాది సెప్టెంబరులో లండన్–బ్రైటన్ రైలు మార్గం పూర్తయింది. 1850లో అక్కడి రాజవిలాస భవనాన్ని పట్టణమే కొనుక్కుంది. కానీ రైలు దారి మాత్రమే చూపించింది. వెళ్లడానికి ఒక రోజు చేతిలో ఉండాలి, వెళ్లేసరికి చూడాల్సింది అక్కడ మిగిలి ఉండాలి. ఈ రెండింటినీ ఇచ్చింది చట్టం. ఆ రెండు చట్టాల వెనకా ఉన్నది ఒకే మనిషి, జాన్ లబ్బక్.

లబ్బక్ వృత్తికి బ్యాంకరు, ప్రవృత్తికి శాస్త్రజ్ఞుడు, డార్విన్‌కు పొరుగువాడు. రాతియుగాన్ని పాత, కొత్త అని విడదీసి పేర్లు పెట్టింది ఆయనే. పార్లమెంటు సభ్యుడిగా 1871లో బ్యాంకు సెలవుల చట్టం తెచ్చాడు. అప్పటికి పరిస్థితి ఏమిటంటే, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఒకప్పుడు ఏటా పాటించిన ముప్పైకి పైగా సెలవులు 1834లో నాలుగుకు కుదించుకుపోయాయి. కొత్త చట్టం ఇంగ్లండ్‌కు నాలుగు రోజులు ఇచ్చింది: ఈస్టర్ సోమవారం, విట్ సోమవారం, ఆగస్టు మొదటి సోమవారం, డిసెంబరు 26. వీటిలో ఆగస్టు సోమవారాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దానికి ఏ పండగతోనూ సంబంధం లేదు. ఎండ కాసే కాలంలో మనిషి ఊరికే హాయిగా తిరగడానికని రాజ్యం రాసిచ్చిన రోజది. అది బ్యాంకు ఉద్యోగులకే గదా, కూలీకి ఒరిగిందేమిటని అడగొచ్చు. చట్టం మాటల్లో బ్యాంకులే ఉన్నాయి. అయితే బ్యాంకు తలుపు మూస్తే హుండీ మారదు, లావాదేవీ నడవదు. దాంతో కొట్లు, కార్ఖానాలు కూడా క్రమంగా ఆ రోజున మూతపడ్డాయి. ఆ రోజు కూలి రాదు గదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం, దాన్ని కాదనలేం. జీతంతో కూడిన సెలవుల చట్టం 1938 దాకా రాలేదు. అయినా సెలవు అనేది యజమాని దయ కాదు, క్యాలెండరులో అచ్చయిన హక్కు అన్న సంగతి స్థిరపడింది 1871లోనే.

అదే ఏడాది లబ్బక్ విల్ట్‌షైర్‌లోని ఏవ్‌బరీలో ఇళ్ల కోసం అమ్ముడుపోబోతున్న స్థలాన్ని కొని కాపాడాడు. వేల ఏళ్ల నాటి మహా శిలావలయం అది, దాని నడుమ ఊరే ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ ఊరివాళ్లు రాయిని గోతిలోకి పడదోసి, చుట్టూ మంట పెట్టి, ఎర్రగా కాలాక చన్నీళ్లు పోసి, పగులు బారిన చోట సమ్మెటతో కొట్టి ముక్కలు చేసేవారు. ఆ ముక్కలతోనే ఇళ్ల గోడలు లేచాయి. ఇలాంటివి ఆపడానికి లబ్బక్ 1873లో బిల్లు పెట్టాడు. నా పొలంలో రాయి నా సొత్తు, మధ్యలో ప్రభుత్వానికేం పని అని భూస్వాములు అడ్డుపడ్డారు. 1882లో చట్టమయ్యేసరికి అది బాగా పలచబడింది. జాబితాలో ఉన్నవి 68 కట్టడాలు, వాటి రక్షణ కూడా యజమాని ఇష్టపడితేనే. వాటిలో ఎక్కువ భాగం చరిత్రపూర్వ కాలపువే.

జనం ఎగబడితే కట్టడాలు అరిగిపోవా అన్నది ఈనాటికీ వినిపించే మాట. విల్ట్‌షైర్‌లోనే ఉన్న మరో శిలావలయం స్టోన్‌హెంజ్‌లో సందర్శకులు రాళ్లు చెక్కి ముక్కలు పట్టుకెళ్లిన మాట నిజం. కానీ మందు ఏమిటన్నదే ప్రశ్న. 1901లో యజమాని కంచె వేసి షిల్లింగు రుసుము పెట్టాడు. దానిపై జనం కోర్టుకెక్కితే తీర్పు యజమాని వైపే వచ్చింది. 1915లో సెసిల్ చబ్ ఆ స్థలాన్ని వేలంలో 6,600 పౌండ్లకు కొని, మూడేళ్లకు దేశానికి దానమిచ్చాడు. రుసుము షిల్లింగు దాటకూడదని షరతు పెట్టాడు. తరువాత, 1970ల చివరి నుంచి, మామూలు వేళల్లో సందర్శకులను రాళ్ల మధ్యకు రానివ్వకుండా కొంత దూరం నుంచే చూడనిస్తున్నారు. జనాన్ని తరిమేయకుండానే కట్టడాన్ని కాపాడే దారి ఇదే అని నా నమ్మకం.

కోటల లాంటి కట్టడాలకు గట్టి రక్షణ 1913లో వచ్చింది, దాని వెనక మన దేశంతో ముడిపడిన కథ ఉంది. ఇక్కడ వైస్రాయిగా 1904లో పురాతన కట్టడాల రక్షణ చట్టం తెచ్చిన లార్డ్ కర్జన్, స్వదేశంలో, లింకన్‌షైర్‌లోని టాటర్‌షాల్ కోట సంగతి విన్నాడు. పదిహేనో శతాబ్దపు ఎర్ర ఇటుకల బురుజు అది. అందులోని చెక్కుడు రాతి నిప్పుగూళ్లను ఊడబెరికి అమ్మేశారు, అవి అమెరికాకు ఓడెక్కబోతున్నాయి. కర్జన్ 1911లో కోటను కొని, గూళ్లను వెతికించి, మళ్లీ వాటి గోడల్లోనే పెట్టించాడు. ఆ గొడవ రేపిన కదలికతోనే 1913 చట్టం యజమాని ఇష్టాన్ని దాటి కట్టడాన్ని కాపాడే అధికారం ఇచ్చింది. ఇప్పుడు ఎవరైనా టిక్కెట్టు కొని ఆ బురుజెక్కి, ఆ నిప్పుగూళ్లను అవి పుట్టిన చోటే చూడొచ్చు. మన అమరావతి స్తూపం శిల్పాల్లో ఎన్నో మాత్రం అంతకు ముందే ఓడెక్కాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి. వాటిని చూడాలంటే అమరావతి మనిషి ఇప్పటికీ లండన్ వెళ్లాలి.