గాయం

భిలాయి ఉక్కు నగరంలో తెలుగువాళ్ల క్రికెట్ కబుర్లలో ఇంట్లో ‘గాయం’, వీధిలో ‘ఘాయల్’ వినిపిస్తాయి. రెండూ ఒక తల్లి పిల్లలే. సంస్కృతంలో ‘ఘాత’ అంటే దెబ్బ. ప్రాకృతంలో అది ‘ఘాయ’ అయింది. అక్కడినుంచి మనకు గాయం, హిందీకి ఘావ్, ఘాయల్. తేడా ఒకటుంది: గాయం ఒంటికి తగిలి మానిపోయేది, ఘాయల్ అంటే దెబ్బతిన్న మనిషే. గాయపడ్డ ఆటగాళ్ల మీద అభిమానుల వాదన సరిగ్గా ఇక్కడే దారి తప్పుతుంది.

విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేశాడు. 2025 జనవరిలో పక్కటెముకల దగ్గరి కండరం, జులైలో మోకాలు దెబ్బతిన్నాయి. అంతే, ‘వీడింతే’ అనేశారు కొందరు. అది అన్యాయం. దెబ్బ తగలడం చేతకానితనం కాదు. గాయం మానేదాకా ఏ కుర్రాడి ప్రతిభ మీదా తీర్పు చెప్పకండి.