పరాయి లిపిలో సొంత పారాయణం: కవరైపేట్టై–తిరుత్తణి సీమ తెలుగువారి గ్రంథభక్తి

మతగ్రంథాల అనువాదం మీద తెలుగులో వచ్చిన చర్చ చాలావరకు అర్థం చుట్టూనే తిరుగుతుంది. మూలంలోని భావం మన భాషలోకి దిగిందా, శ్లేష దక్కిందా, రసం చెడిందా అని అడుగుతాం. తమిళనాడు ఉత్తరపు అంచున, తిరువళ్లూరు జిల్లాలో ఉన్న తెలుగు కుటుంబాల పారాయణ పుస్తకాలు చూస్తే ఈ ప్రశ్నలు చాలవనిపిస్తుంది. ఇక్కడివాళ్లు పూజలో చదివే గ్రంథాన్ని తమ భాషలోకి తెచ్చుకోవడం కన్నా తమ అక్షరాల్లోకి తెచ్చుకోవడానికే మొగ్గు చూపారు. భాషను కదిలించలేదు, లిపిని మార్చారు. అలా మార్చినప్పుడు పోయేది వేరు, మిగిలేది వేరు. ఒక్కోసారి మూలలిపిలో కనిపించనిది కొత్త లిపిలో కనిపిస్తుంది కూడా. ఈ వ్యాసం పట్టించుకునేది ఆ లెక్కనే.

చెన్నై నుంచి గూడూరు వెళ్లే రైలు దారిలో పొన్నేరి దాటాక, గుమ్మిడిపూండికి ముందు కవరైపేట్టై వస్తుంది. 2024 అక్టోబరులో అక్కడ రైలు ప్రమాదం జరిగినప్పుడు తప్ప దేశం ఈ ఊరి పేరు పెద్దగా వినలేదు. తమిళులు బలిజవారిని కవరైలు అంటారు. ఆ మాట ఊరి పేరులోనే ఉంది. పడమటి కొసన ఉన్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో భాగం. మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల మీద వచ్చిన 1959 నాటి సరిహద్దు చట్టం తిరుత్తణిని మద్రాసు రాష్ట్రానికిచ్చి, సత్యవేడు ప్రాంతపు గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. గీత మారినంత మాత్రాన ఇళ్లలో మాట మారలేదు. ఇంట్లో తెలుగు, బళ్లో అరవం. ఈ సీమలో పుట్టిన పిల్లలకు అది వింతేమీ కాదు.

ముందుగా ఆళ్వారుల పాటలు. ఈ సీమకు నడిబొడ్డున ఉన్న తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోవెల 108 దివ్యదేశాల్లో ఒకటి. అమావాస్యకు అక్కడ ఇసకేస్తే రాలదు. ఆ గుడి నిర్వహణ అహోబిల మఠానిది. తెలుగు గడ్డ మీద వెలసిన నరసింహుడి పేరు పెట్టుకున్న మఠం తమిళ క్షేత్రాన్ని చూసుకుంటుంటే, ఆ అహోబిలాన్నేమో తిరుమంగై ఆళ్వారు తమిళంలో పాడాడు. ఇలాంటి రాకపోకలు అలవాటైన చోట ఆళ్వారుల పాటల సంపుటి నాలాయిర దివ్యప్రబంధం పరాయి భాషా గ్రంథమన్న ఊహకే తావు లేదు.

ఆండాళ్ తిరుప్పావైనే తీసుకుందాం. ముప్పై పాశురాలు. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు వీటినే చదువుతారు. తెలుగువారిళ్లలో తమిళం ఒక్క ముక్క రాని ఆడవాళ్లు కూడా నెలంతా రోజుకొక పాశురం చదువుకుంటారు. చేతిలో ఉండేది తెలుగు అక్షరాల పుస్తకం. పైన పాశురం, కింద ప్రతిపదార్థం, ఆ కింద తాత్పర్యం. తాత్పర్యం చూసేవాళ్లు చూస్తారు, తీరిక లేనివాళ్లు వదిలేస్తారు. పాశురం మాత్రం చదివి తీరాలి. తాత్పర్యం ఎంత సొగసుగా ఉన్నా దానికి సాత్తుమొఱ, అంటే పారాయణ ముగింపు, ఉండదు.

ఈ తేడా వెనక ఛాందసం కన్నా పెద్ద కారణం ఉంది. సేవాకాలంలో ప్రబంధాన్ని గోష్ఠిగా చదువుతారు. పదిమంది ఒక్క గొంతుతో చదవాలంటే పాఠం ఒక్కటే అయి ఉండాలి. అనువాదాలు ఎన్నైనా ఉండొచ్చు, గోష్ఠిలో వాటికి చోటు దొరకకపోవడానికి కారణం కూడా అదే. ముళ్లపూడి వెంకటరమణ తెలుగు సేతకు బాపు బొమ్మలు తోడైన ‘మేలుపలుకుల మేలుకొలుపులు’ ఇష్టంగా చదువుకోవలసిన పుస్తకం. దాన్ని ఒంటరిగా చదువుకుంటాం, పక్కవాడితో గొంతు కలపడానికి మళ్లీ పాశురం దగ్గరికే పోతాం. ఆండాళ్ కథను తెలుగులో చెప్పమని శ్రీకాకుళాంధ్ర విష్ణువు కలలో ఆనతిచ్చాడని చెప్పుకున్న కృష్ణదేవరాయలు కూడా ఆముక్తమాల్యదలో కథనే తీసుకున్నాడు గాని, తిరుప్పావైని తెలిగించే పని పెట్టుకోలేదు. అది వినయమో, కవిగా తన దారి తాను చూసుకోవడమో చెప్పడం కష్టం. రెండూ అనుకుంటాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. తిరుప్పావైలో ప్రతి పాశురమూ ఒకే పల్లవి మాటలతో ముగుస్తుంది. వాటిని ఎలా విడదీయాలి, అర్థం ఉందా లేక పాదం నింపడానికి వచ్చాయా అన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. అనువాదకుడు ఏదో ఒక పక్షం పట్టక తప్పదు, లేదా వాటిని వదిలేయాలి. పారాయణ చేసే మనిషికి ఆ బెంగ లేదు. ముప్పై రోజులూ ముప్పైసార్లు ఆ మాటలు పలుకుతుంది, తేల్చకుండానే. తేలని అర్థాన్ని తేలనట్టే ఉంచగలగడం మూలాన్ని అంటిపెట్టుకోవడంలో ఉన్న సౌకర్యం.

ఇక లిపి సంగతి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు కలిపి ఒకే అక్షరం. చ, ట, త, ప వర్గాలకూ అదే తీరు. మాటలో అక్షరం ఎక్కడ వచ్చింది, ముందు వెనక ఏముంది అన్నదాన్ని బట్టి చదివేవాడు పలుకుకుంటాడు. తెలుగు లేఖకుడికి ఆ వెసులుబాటు లేదు. ప్రతి అక్షరం దగ్గరా అది కకారమా గకారమా, టకారమా డకారమా అని తేల్చుకోవాలి. ఆండాళ్ పేరులో తమిళ లిపి రాసే టకారం మనకు డకారమైపోతుంది, నంబి పేరులో పకారం బకారమవుతుంది. ఇంతవరకు సులువే. గోవింద నామం దగ్గర అసలు ఇరకాటం వస్తుంది. తమిళ లిపి ఆ పేరును కకారంతో మొదలుపెట్టి తకారంతో నడుపుతుంది. తెలుగులో ‘కోవిందన్’ అని రాస్తే తమిళ అక్షరానికి న్యాయం, ‘గోవిందన్’ అని రాస్తే వైష్ణవుడి నోటికి న్యాయం. మామూలుగా నోటిదే పైచేయి అవుతుంది. అంటే తెలుగు లిపి పుస్తకం తమిళ లిపికి నకలు కాదు, ఒక సంప్రదాయపు ఉచ్చారణకు పట్టిన రికార్డు. తమిళ లిపి చదివేవాడి నోటికి వదిలేసిన సంగతిని తెలుగు లిపి కాగితం మీద పెట్టేసింది.

అచ్చుయంత్రాల కాలానికి ఈ గుణం బాగా కలిసొచ్చింది. ప్రబంధ వ్యాఖ్యానాలు మణిప్రవాళంలో ఉంటాయి, సగం తమిళం, సగం సంస్కృతం. తమిళ టైపు ఒక్కటే ఉంటే సంస్కృత భాగానికి గ్రంథలిపి టైపు వేరుగా కావాలి. తెలుగు టైపుతో రెండూ సాగిపోతాయి. 19వ శతాబ్దపు మద్రాసులో భగవద్విషయం వంటి వ్యాఖ్యాన గ్రంథాలు తెలుగు లిపిలో అచ్చవడానికి ఇదొక బలమైన కారణం. ఆ పుస్తకాలు తెలుగువాళ్ల కోసమే వేసినవీ కావు. తమిళ ప్రాంతపు వైష్ణవ పండితులూ వాటిని చదివేవారు. తెలుగు తెలియకుండా తెలుగు అక్షరాలు మాత్రం తెలిసిన పాఠకులు ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఉండేవారన్నమాట!

పోయినవీ ఉన్నాయి. ‘తమిళ్’ అన్న పేరులో చివర పలికే ఆ ప్రత్యేక ధ్వనికి తెలుగులో ఒకప్పుడు ఴ అనే అక్షరం ఉండేది, పాత శాసనాల్లో కనిపిస్తుంది. తర్వాత అది డకారంలోనూ ళకారంలోనూ కలిసిపోయింది. ప్రబంధం అచ్చువేసినవాళ్లలో కొందరు మామూలు ళతో సరిపెట్టారు, కొందరు తమిళ అక్షరాన్నే తెచ్చి తెలుగు వరుసలో ఇరికించారు. 2014లో యూనికోడ్ ఴకు చోటిచ్చింది గాని దాన్ని పలికే నోళ్లు మన దగ్గర ఎప్పుడో పోయాయి. దానికి బదులుగా ఱకు ప్రాణం నిలిచింది. వాడుకలో అందరూ వదిలేసిన బండిరను సాత్తుమొఱ కోసమైనా వైష్ణవ ప్రచురణలు అట్టిపెట్టాయి.

పాట కట్టుబడిలో మాత్రం పెద్ద నష్టం లేదు, ఇది ఛందస్సు తెలిసినవాళ్లకు సంతోషం కలిగించే సంగతి. తమిళుల ఎదుగై అంటే పాదాల్లో రెండో అక్షరం కలవడం, మన ప్రాసకు సొంత అన్న. తెలుగు పద్యం చెవికి అలవాటైన మనిషికి తమిళ పాశురం అర్థం కాకపోయినా పాదం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. అదే పాశురాన్ని ఇంగ్లీషులో పెడితే ఆ ఆధారం పూర్తిగా పోతుంది. తెలుగు వచనంలో పెట్టినా పోతుంది.

తిరుత్తణి మురుగన్ కొండ మీద ఈ విషయం ఇంకా తేటగా కనిపిస్తుంది. కొండకు 365 మెట్లు. డిసెంబరు 31న జరిగే పడిపూజలో మెట్టు మెట్టుకూ కర్పూరం వెలిగించి తిరుప్పుగళ్ పాడతారు. వళ్లిమలై సచ్చిదానంద స్వామి నెలకొల్పిన ఆచారం ఇది. 15వ శతాబ్దపు అరుణగిరినాథర్ కట్టిన ఈ తిరుప్పుగళ్ పాటలు అర్థం కన్నా ముందు నడకతో మనిషిని పట్టుకుంటాయి. అచ్చుప్రతుల్లో ప్రతి పాటకూ పైన దాని సందం రాసి ఉంటుంది, తన, తాన, తత్త అంటూ ఆ పాట లయకు పోసిన మూస. ఈ పాటలకు విస్తారమైన వ్యాఖ్య రాసిన వ.సు. చెంగల్వరాయ పిళ్లైకి ‘తణికైమణి’ అనే పేరు ఈ తణికై కొండ వల్లే వచ్చింది. కవరైపేట్టైకి దగ్గర్లోని సిరువాపురి మురుగన్ మీద కూడా అరుణగిరినాథర్ పాడాడు. సొంత ఇల్లు కావాలని మంగళవారాలు అక్కడికి వచ్చే జనంలో ఆంధ్ర వైపు నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు. ఆ పాటను అనువదించబోయేవాడు సందాన్ని నిలబెడితే అర్థం చెదురుతుంది, అర్థాన్ని నిలబెడితే సందం కూలుతుంది. లిపి మార్చి చదివేవాడికి సందం చెక్కుచెదరదు.

ఈ తిరుత్తణిలోనే 1888 సెప్టెంబరు 5న తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గ్రంథానువాదంలో ప్రపంచప్రసిద్ధుడు. తిరుపతిలో లూథరన్ మిషన్ బడి, వేలూరులో వూర్హీస్ కాలేజీ, మద్రాసులో క్రిస్టియన్ కాలేజీ. చదువు చాలావరకు మిషనరీల దగ్గరే సాగింది. హిందూ గ్రంథాల మీద వాళ్ల విమర్శే తనను ఆ గ్రంథాల వైపు తోసిందని ఆయనే చెప్పుకున్నాడు. 1948లో భగవద్గీతను, 1953లో ప్రధానోపనిషత్తులను ఇంగ్లీషులో వెలువరించాడు. ఆ పుస్తకాల్లో నన్ను ఆకట్టుకునేది ఆయన తత్త్వవిచారం కన్నా పుట అమరిక. ముందు సంస్కృత మూలం రోమన్ అక్షరాల్లో, చుక్కలూ గీతలూ పెట్టి, ఆ తర్వాత అనువాదం, దాని కింద వ్యాఖ్య. దేవనాగరి రాని ఇంగ్లీషు పాఠకుడు కూడా శ్లోకాన్ని నోటితో పలకగలగాలి. మూలాన్ని చదివేవాడి లిపిలో పైన పెట్టి, అర్థాన్ని కింద పెట్టే ఈ పద్ధతి మన తిరుప్పావై పుస్తకాల పద్ధతే. ఆయన దాన్ని ఇక్కడి నుంచే తీసుకున్నాడని రుజువు చేయలేం, పాశ్చాత్య పండితులూ అలా ముద్రించేవారు. తిరుత్తణి మనిషికి అది కొత్తగా తోచి ఉండదని మాత్రం అనగలం.

ఈ వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యం క్రైస్తవులది. తెలుగు క్రైస్తవుడు హీబ్రూనో గ్రీకునో తెలుగు అక్షరాల్లో చదువుకోడు, అతనికి అనువాదమే గ్రంథం. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండి 1730ల తొలినాళ్లకే బైబిలును తెలిగించాడు, అది అచ్చు మొహం చూడలేదు. ఆ తర్వాత జర్మనీలోని హాలేలో 1746–47 ప్రాంతంలో తెలుగు టైపుతో చిన్న పుస్తకాలు మాత్రం వేయించగలిగాడు. తర్వాతి వందేళ్లలో ఎందరో చేతులు వేసిన తెలుగు బైబిలు కాలక్రమాన పీఠం ఎక్కింది. ఇప్పుడు వాడుక భాషలో తేటైన అనువాదాలు వచ్చినా, 23వ కీర్తనను చావు ఇంట్లో చదవవలసి వస్తే పాత అనువాదపు గ్రాంథికమే నోటికి వస్తుంది. కొత్తదాంట్లో ఏదో తగ్గిందని పెద్దవాళ్లు అంటే మూలంతో పోల్చి అంటున్నారని కాదు. మొదట విన్న వాక్యం పోయిందని అంటున్నారు. కాబట్టి మమకారం మూలభాషతో ముడిపడి ఉంటుందని చెప్పలేం. పదిమందిలో, కష్టసుఖాల్లో నలిగి నలిగి గట్టిపడిన పాఠంతో ముడిపడి ఉంటుంది. అది ఆళ్వారు తమిళం కావచ్చు, మిషనరీలు, పండితులు కలిసి కట్టిన తెలుగూ కావచ్చు.

ఇప్పుడు ఈ సీమలో బండి వెనక్కి తిరిగింది. 2006 తమిళ అభ్యసన చట్టం బడుల్లో తమిళాన్ని ఒకటో తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరి చేసింది. భాషా అల్పసంఖ్యాకులు కోర్టుల దాకా వెళ్లారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో తెలుగు అక్షరాలు రానివారు ఎక్కువవుతున్నారు. ఒకప్పుడు తమిళాన్ని తెలుగు అక్షరాల్లో చదివినవారి మనవలు తెలుగును తమిళ అక్షరాల్లో చదవాలి. ఈ దారిలో ముందు నడిచినవాళ్లు సంగీతకారులు. త్యాగరాజ కీర్తనలు తమిళ లిపిలో ఎన్నో ముద్రణలు పొందాయి.

ఈ దిశలో లెక్క తారుమారవుతుంది. కథ, గద, గత, కద నాలుగూ తమిళ లిపిలో ఒకే రూపంలో ఉంటాయి, కొత్తగా చదివేవాడు నాలుగింటినీ ‘కద’ అనే చదువుతాడు. విచిత్రంగా యతికి దెబ్బ తగలదు. మన లాక్షణికులు క, ఖ, గ, ఘలను ఒకదానికొకటి యతి చెల్లే అక్షరాలుగా ఎప్పుడో కలిపి ఉంచారు, తమిళ లిపి ఆ నాలుగింటినీ ఒక్క అక్షరంలో పెట్టింది. గురులఘువులూ చెడవు. హ్రస్వ దీర్ఘాలకు, ఎ ఏ, ఒ ఓలకు తమిళ లిపిలో గుర్తులున్నాయి. ప్రాస దగ్గరే మోసం జరుగుతుంది. గకారానికి కకారం వేసి ప్రాస తప్పినా కంటికి తప్పినట్టు కనిపించదు.

దీనికి ముద్రాపకులు చేసిన ఉపాయం అంకెలు. అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 వేసి ఖ, గ, ఘ అని గుర్తు చెబుతారు. స్తోత్రాల పుస్తకాల్లో ఇది మామూలే. చిన్నప్పటి నుంచి విన్నవాడికి ఆ అంకెలు అక్కర్లేదు, ఎన్నడూ విననివాడు వాటిని దాటేసి పోతాడు. రెండింటికీ మధ్య ఉన్నవాడికి, అంటే నాయనమ్మ చదువుతుంటే సగం విని, బళ్లో తమిళ అక్షరాలు దిద్దుకున్న కవరైపేట్టై పిల్లవాడికి, అవి నిజంగా పనికొస్తాయి. తెలుగు పారాయణ గ్రంథాలను తమిళ లిపిలో వేసేవాళ్లు అర్థ తాత్పర్యాలకు ఎన్ని పుటలైనా ఇస్తున్నారు, ఈ అంకెలు వేయడానికి మాత్రం బద్ధకిస్తున్నారు.